దుప్పట్లో గడ్డిపరక

మా ఇంట్లో పెద్దమ్మాయి అంటే గుర్రం. మా పిల్ల పుట్టకముందే ఇంటికొచ్చింది కాబట్టి మా ఆయన దానికా పేరు పెట్టాడు. కొత్తవాళ్లెవరైనా మర్యాదకి "పెద్దమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగితే "మేస్తోందండీ" అనేవాడు. వాళ్లు నా వంక జాలిగా చూసేవాళ్లు.

మాది లాండ్రీ. మూడు లాడ్జీలవీ, ఒక చిన్న ఆసుపత్రిదీ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు మా దగ్గరికే వస్తాయి. ఉతికి ఇస్త్రీ చేసేది నేను. మూటలు కట్టిన బండిని ఎత్తు వీధుల్లోకి లాగేది పెద్దమ్మాయి. ఏ గుమ్మం ముందు ఎంతసేపు ఆగాలో దానికే తెలుసు. మా ఆయన బండి మీద కూర్చోవడం ఉత్త అలంకారం.

ఇరవై ఏళ్లుగా మరకలు చూస్తున్నదాన్ని. టీ మరకకీ కాఫీ మరకకీ తేడా దూరం నుంచే చెప్పగలను. లాడ్జీలో మూడో నంబరు గదిలో దిగే పెద్దమనిషి జుట్టుకి రంగేసుకుంటాడని ఆయన భార్యకంటే ముందు నాకే తెలిసింది. తెల్లబట్టలతో బతికేవాళ్లకి కాస్త చాదస్తం ఉంటుంది, నాకు కాస్త ఎక్కువే ఉంది. అందుకే ఇంట్లో రెండు చట్టాలు పెట్టాను. గుర్రానికి తగిలిన గుడ్డ ఏదీ నా తొట్లలో పడకూడదు. దాని కొట్టంలో ఎండుగడ్డి పరవకూడదు.

ఆ రెండోది ఊరికే పెట్టలేదు. ఒకసారి ఆసుపత్రి దుప్పట్లో గడ్డిపరక వచ్చిందని పెద్ద నర్సు మూట మొత్తం వెనక్కి పంపించింది. ఆ రోజు "ఇంట్లో ఎండుగడ్డన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి, తేల్చుకోండి" అన్నాను. మా ఆయన కాస్త ఆలోచించినట్టే కనిపించాడు. అప్పుడు అడ్డుపడి సంసారం నిలబెట్టింది మా తమ్ముడు.

వాడు వడ్రంగి. మా వెనక గోడకి ఆనుకునే వాడి షెడ్డు. చిత్రిక పట్టినప్పుడు రాలే పలచటి చెక్క పొరల్ని, పొట్టు అంటాం మేము, గోనెసంచుల్లో నింపి తెచ్చి కొట్టంలో పరిచాడు. మెత్తగా ఉంది, తడి పీల్చుకుంది, గుడ్డకి అంటుకోలేదు. అప్పటినుంచి ఎన్నేళ్లయినా అదే పద్ధతి. వాడు మాటల్లో మహా పిసినారి. మా ఆయనకీ వాడికీ మధ్య సంభాషణ ఏదైనా నడిచిందంటే అది ఆ కొట్టంలోనే, గుర్రం గురించే.

"తిందిరా?"

"తింది బావా."

"నీళ్లు?"

"తాగింది."

అంతే. లోకంలోని విషయాలన్నీ మాట్లాడేసుకున్నట్టు ఇద్దరూ తృప్తిగా విడిపోయేవాళ్లు.

నేను చెప్పబోయేది ఒక వానాకాలం సంగతి. లాండ్రీవాళ్లకి వానాకాలం మామూలుగానే శత్రువు. ఆరబెట్టడానికి ఎండ ఉండదు, తాళ్లన్నీ ఇంట్లోకి వస్తాయి, మనుషులు తడి దుప్పట్ల కింద వంగి వంగి నడవాలి. అదే సమయంలో మా తమ్ముడికి పెద్ద పని దొరికింది. ఏదో ఆఫీసులో ఇరవైమంది చుట్టూ కూర్చునే మీటింగు బల్ల. కర్ర ఓడలో వచ్చిందట, నల్లగా, నునుపుగా ఉంది. వాడు జన్మలో మొదటిసారి ఒక విషయం గురించి మూడు వాక్యాలు మాట్లాడాడు. ఆ కర్రని చెయ్యి పెట్టి చూడమన్నాడు. వాసన చూడమన్నాడు. చూశాను, బాగానే ఉంది. కానీ వాడి చొక్కాలు ఉతికేదాన్ని కూడా నేనే కదా. చేతుల దగ్గరా, పొట్ట దగ్గరా ముదురు గోధుమ రంగు మరకలు. ఎంత రుద్దినా వదల్లేదు.

"ఏరా, ఈమధ్య డికాషన్‌లో గానీ దొర్లుతున్నావా?" అని వారానికోసారి తిట్టేదాన్ని. వాడు నవ్వి ఊరుకునేవాడు.

వానలు మొదలైన రెండో వారంలో ఒక పొద్దున మా ఆయన బండి కట్టడానికి వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"పెద్దమ్మాయి రానంటోందే" అన్నాడు. పిల్ల బడికి మారాం చేస్తోందన్నట్టు చెప్పాడు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

వెళ్లి చూస్తే గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మోకాళ్ల కింద నుంచి నాలుగు కాళ్లూ దిండ్లలా ఉబ్బాయి. ముందుకాళ్లు ముందుకి చాపి, బరువంతా వెనక్కి వేసుకుంది. గిట్ట మీద చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టె అడుగు ముట్టుకున్నట్టు కాలింది. నన్ను చూసి తల కాస్త కదిపింది. రోజూ నన్ను చూడగానే నా జేబు వెతికే మనిషి, ఆ రోజు జేబు వంకే చూడలేదు. మనిషి అనే రాశాను, ఉండనివ్వండి.

పశువుల డాక్టరమ్మ వానకోటుతోనే కొట్టంలోకి వచ్చింది. పొట్టిగా, పెద్ద గొంతుతో ఉంటుంది. గుర్రాలతో మెల్లగా, మనుషులతో గట్టిగా మాట్లాడుతుంది. జ్వరం చూసింది, నెత్తురు తీసింది, గిట్ట పైన వేలు పెట్టి నాడి చూసింది.

"గిట్టల్లో వాపు. ఎందుకొచ్చిందో మాత్రం తెలియట్లేదు" అంది. "గిట్ట లోపల ఒక ఎముక ఉంటుందండీ. వాపు మళ్లీ మళ్లీ వచ్చిందంటే అది కిందికి జారుతుంది. జారాక మాత్రం దాన్ని నిలబెట్టడం నా వల్ల కాదు. ఎవరి వల్లా కాదు."

నిలబడలేని గుర్రాన్ని ఏం చేస్తారో మా ఇద్దరికీ తెలుసు. మా ఆయన దాని మెడ మీద చెయ్యి తీయలేదు.

డాక్టరమ్మ కాళ్లకి చన్నీళ్లతో తడిపిన పట్టీలు చుట్టమంది. పెందలాడే ముసురు పట్టిన రోజు, కొట్టంలో వెలుతురు అంతంతమాత్రం. కిందికోసారి చూసి "పొట్టేగా? మంచిదే. ఇంకా మందంగా వెయ్యండి, కాళ్లకి మెత్తగా ఉండాలి" అంది. పోతూ పోతూ ఒక నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది.

"దాని నోట్లోకి పోయేదంతా ఇందులో రాయండి. ఎవరు పెట్టినా సరే. ఒక్క ముక్క కూడా దాచకూడదు."

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల చుట్టూ అందర్నీ కూర్చోబెట్టాను. ముందు అత్తయ్య నోరు విప్పింది.

"పొద్దున టీలోకి రెండు బిస్కెట్లు. అది చూస్తుంటే నా గొంతు దిగదమ్మా, ఏం చెయ్యను?"

మా ఆయన దారిలో ప్రతి లాడ్జీ ముందూ ఒక ఆపిల్ ముక్క పెడతాడట. మా అమ్మాయి డబ్బాలోని రొట్టె సగం రోజూ దానికే పోతోందట. నేను ఆ పిల్ల చిక్కిపోతోందని టానిక్కు పోయిస్తున్నాను.

"నువ్వేరా?" అన్నాను తమ్ముణ్ణి.

"క్యారెట్లక్కా."

"ఎన్ని?"

వాడు పైకప్పు వంక చూశాడు.

"నేనేం పెడతాను, దానికీ నాకూ ఎప్పుడు పడింది గనక?" అని పుస్తకం మూయబోయాను. అత్తయ్య నా ఏప్రన్ జేబు వంక చూసింది. జేబులో చక్కెర బిళ్లలు నాలుగున్నాయి. అవి కూడా రాశాను. మిగతా అందరివాటికంటే ఆ అక్షరాలే చిన్నగా వచ్చాయి.

ఆ రోజు నుంచి అన్నీ బంద్. నోటికి పచ్చగడ్డీ నీళ్లూ తప్ప ఏమీ పోలేదు. అయినా తగ్గలేదు. పిడుదుల జ్వరం కాదని ఒక కాగితం వచ్చింది, కాలేయం బాగుందని ఇంకోటి, మూత్రపిండాలు బాగున్నాయని మరోటి. అన్నీ బాగున్నాయని చెప్పే కాగితాలు చూసి దిగులుపడింది నా జన్మలో ఆ ఒక్కసారే. మేము చెయ్యగలిగిందల్లా మెత్తగా పరవడం. తమ్ముడు రోజుకి రెండు సంచులు తెచ్చేవాడు. అత్తయ్య నడుం నొప్పి మర్చిపోయి మధ్యాహ్నం పూట వెళ్లి ఆ పొట్టుని దాని కాళ్ల చుట్టూ ఎగదోసి వచ్చేది. మా ఆయన రోజుకి నాలుగుసార్లు పట్టీలు తడిపి కట్టేవాడు. నా చట్టం ప్రకారం వాటిని బయట బకెట్లో తనే జాడించుకునేవాడు. మూటలు సైకిలు మీద పెట్టుకుని తొక్కేవాడు. ఎత్తు వీధి ఎక్కేసరికి రొప్పుతూ, "పాపం ఇన్నాళ్లూ ఇంత బరువు లాగిందా" అనేవాడు.

పది రోజులు చూసి డాక్టరమ్మ దాన్ని తన ఆవరణకి తీసుకుపోయింది. అక్కడ ఇసుక నేల, పైన రేకులు. మూడో రోజుకి వాపు తగ్గింది. ఐదో రోజుకి చెవులు నిక్కించి నాలుగడుగులు పరిగెత్తిందట. మా ఆయన చూసొచ్చి వానలో తడిసిన జుట్టు తుడుచుకోకుండానే ఆ పరుగు ఎలా ఉందో వంటగదిలో చేసి చూపించాడు. అత్తయ్య నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది.

ఇంటికొచ్చేనాటికి తమ్ముడు కొట్టమంతా కడిగి, మూడు సంచులు కొత్త పొట్టు పోసి, అంచులు చేత్తో సర్ది పెట్టాడు. పెద్దమ్మాయి లోపలికి వెళ్లి, హాయిగా ఒళ్లు విదిలించింది. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ కాళ్లు ఉబ్బాయి.

డాక్టరమ్మ మళ్లీ తీసుకెళ్లింది. మళ్లీ బాగైంది. మళ్లీ ఇంటికొచ్చింది, మళ్లీ జబ్బుపడింది. ఈసారి ఎక్స్‌రే తీసి, "ఎముక ఇంకా జారలేదు. ఇలాంటిది ఇంకొక్కటి తట్టుకుంటుందని మాత్రం చెప్పలేను" అంది.

మర్నాడు నేను గలీబులు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తడి దుప్పట్ల మధ్య మనిషి సగమే కనిపిస్తున్నాడు.

"మన ఇల్లు దానికి పడట్లేదే" అన్నాడు.

"ఇల్లు పడకపోవడమేంటండీ, అదేమన్నా కొత్త కోడలా?"

"అక్కడుంటే పరిగెడుతోంది. ఇక్కడికొస్తే నిలబడలేకపోతోంది. ఇంకేం తెలియాలి? డాక్టరమ్మ ఉంచుకుంటానంది. ఆదివారం పంపేద్దాం. ఇక తీసుకురావొద్దు."

"పదమూడేళ్లు పెంచారు."

"పెంచాను కాబట్టే" అన్నాడు. లేచి వెళ్లబోతూ దుప్పటి తగిలి, దాన్ని పక్కకి తొయ్యడానికి కూడా ఓపిక లేనట్టు అలాగే నిలబడ్డాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ ఉందో నాకే కొత్తగా తెలిసింది. గుమ్మంలో తమ్ముడు భుజాన సంచితో నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు. సంచి కొట్టంలో దింపి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున నేను పెద్దమ్మాయి సామాన్లు సర్దాను. బ్రష్షు, బకెట్, కప్పే దుప్పటి. తీగ మీద పట్టీలు ఎనిమిది వేలాడుతున్నాయి, మా ఆయన జాడించినవి. మగవాళ్ల ఉతుకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వేరేవాళ్లింటికి మా పిల్ల ఇలాంటి గుడ్డలతో వెళ్లడమా అనిపించింది. నా చట్టాన్ని నేనే పక్కనపెట్టి, వాటిని తెచ్చి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే తొట్లో వేశాను.

మరక వదల్లేదు. ముందు నెత్తురనుకుని చన్నీళ్లలో నానబెట్టాను. పేడ అనుకుని సబ్బు పట్టించాను. తుప్పేమోనని నిమ్మకాయ రుద్దాను. బ్లీచింగ్‌లో వేస్తే పచ్చబడింది గానీ పోలేదు. ముదురు గోధుమ రంగు. పట్టీ కింది అంచు నుంచి పైకి పాకింది, గిట్ట దగ్గర చిక్కగా, పైకెళ్లేకొద్దీ పలచగా. పట్టీని వెలుతురుకి పట్టుకుని చూశాను. ఈ మరకని నేను నెల రోజులుగా తిడుతున్నాను. కాకపోతే చొక్కా చేతుల మీద.

తడి చేతులతోనే వెనక గుమ్మం దాటి షెడ్డులోకి వెళ్లాను. తమ్ముడు బల్ల అంచుకి చిత్రిక పడుతున్నాడు. నల్లటి పొరలు చుట్టలు చుట్టలుగా కాళ్ల మీద రాలుతున్నాయి. నేను పట్టీని వాడి చొక్కా చేతి పక్కన పెట్టాను. వాడు పట్టీ చూశాడు. చెయ్యి చూసుకున్నాడు. కిందికి చూశాడు.

"ఈ కర్ర ఎప్పటినుంచి వేస్తున్నావురా కొట్టంలో?"

"మొదటి వాన పడ్డ రోజు నుంచి, ముందు కొంచెం కొంచెంగా" అన్నాడు. "ఇది మెత్తగా ఉంటుందక్కా. తెల్లదానికంటే మెత్తన. అందుకని దీన్నే ఏరి వేశాను" అన్నాడు.

చిత్రిక బల్ల మీద పెట్టి పార తీసుకుని బయటికి నడిచాడు.

నేను డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నేను చెప్పేది సగంలో ఉండగానే "ఏం కర్ర?" అని అరిచింది. అక్రోటు, అదే వాల్‌నట్, నల్లరకమని తమ్ముడు చెప్పాడు, అన్నాను. అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"చదువుకునే రోజుల్లో పుస్తకంలో ఒక మూల దీని గురించి నాలుగు లైన్లుండేవి. పరీక్షలో కూడా ఎప్పుడూ రాలేదు. తిననక్కర్లేదమ్మా, ఆ పొట్టు మీద నిలబడితే చాలు, గిట్టలు వాచిపోతాయి. ముందు దాన్ని అక్కణ్ణుంచి తియ్యండి. నేనొస్తున్నా."

బయట కుండపోత. పొడిగా ఉన్న చోటు ఇంట్లో ఒకే ఒక్కటి. నేనే తాడు పట్టుకుని, పెద్దమ్మాయిని అడుగులో అడుగు వేయించి నా ఇస్త్రీ గదిలోకి తీసుకొచ్చాను. సిమెంటు నేల గట్టిగా ఉంటుందని చిరుగు దుప్పట్లూ కంబళ్లూ ఉన్నవన్నీ దాని కాళ్ల కింద పరిచాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి, కోడలికి మతి పోయిందేమోనన్నట్టు నా మొహం పరీక్షగా చూసింది.

సైకిలు దిగి వచ్చిన మా ఆయన మొదట గదిలో గుర్రాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత కొట్టానికి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను. తమ్ముడు వానలో తడుస్తూ పొట్టు బయటికి ఎత్తిపోస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

తమ్ముడు తల ఎత్తలేదు. "నేనే బావా. నా పొట్టే. నేనే చేశాను దాన్నిలా."

మా ఆయన కోపిష్టి కాదు గానీ, ఆ నెల రోజులు ఆయన ఎలా గడిపాడో నేను చూశాను. ఆయన ఆ నల్ల పొట్టు వంక చూశాడు. తర్వాత గోడకి ఆనించిన రెండో పార అందుకున్నాడు.

"ఆ మూల నువ్వు తియ్యి. ఇటు నేను తీస్తా" అన్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చేసరికి నేరం ఎవరిదన్న దాని మీద ఇంట్లో పోటీ నడుస్తోంది. తమ్ముడు తనదే అన్నాడు. రోజూ కాళ్ల చుట్టూ ఎగదోసింది తనేనని అత్తయ్య కళ్లు తుడుచుకుంది. ఆ బకెట్లోనే ఉతకమని శాసించింది నేను, అసలు గడ్డి వద్దన్నదీ నేనే. లేకపోతే ఆ మరక మొదటి వారమే నా కంట్లో పడేది, పడకపోయినా కొట్టంలో గడ్డే ఉండేది. అందరి మాటా విని డాక్టరమ్మ పెద్ద గొంతుతో, "మందంగా వెయ్యమన్నది నేను! చదువుకున్నదాన్ని! నాకంటే పెద్ద దోషి ఎవరూ లేరు గానీ, కాస్త టీ ఇస్తారా?" అంది. పెద్దమ్మాయి నా ఇస్త్రీ బల్ల మీది గలీబు ఒకటి అందుకుని నములుతోంది. ఎవరూ దాన్ని ఏమీ అనలేదు.

ఆదివారం పంపలేదు.

నాలుగు రోజులు అది నా గదిలోనే ఉంది. ఆ నాలుగు రోజులూ తమ్ముడు మా గడప తొక్కలేదు. గోడ అవతల చిత్రిక చప్పుడు కూడా వినిపించలేదు. అన్నం పంపితే గిన్నె కడిగి గోడ మీద పెట్టేవాడు. ఇక వాడు మామూలు మనిషి కాడేమోనని నాకు భయం పట్టుకుంది. ఐదో రోజు వాన తెరిపిచ్చింది. పెద్దమ్మాయి తనంతట తనే గుమ్మం దాటి పెరట్లోకి నడిచింది. కుంటలేదు. మా ఆయన దాని పక్కనే నడిచి నడిచి, గోడ దగ్గర ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, తిందిరా" అన్నాడు.

అవతల గోడ దాకా అడుగుల చప్పుడు వచ్చింది.

"నీళ్లు?" అన్నాడు తమ్ముడు.

"తాగింది."

ఇంకాసేపటికి చిత్రిక చప్పుడు మొదలైంది. నేను తొట్టి దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చాను. సబ్బు నీళ్లు కళ్లల్లో పడ్డాయని మా అమ్మాయికి చెప్పాను.

కొట్టంలో ఇప్పుడు ఎండుగడ్డే. నేనే దగ్గరుండి పరిపించాను. తమ్ముడు ఏ కొత్త కర్ర వచ్చినా ఒక ముక్క జేబులో వేసుకుని వెళ్లి డాక్టరమ్మకి చూపించి వస్తాడు. ఆవిడ విసుక్కుంటుంది, అయినా చూస్తుంది. ఇస్త్రీ చేసేటప్పుడు నేను ప్రతి దుప్పటినీ రెండుసార్లు విదిలిస్తాను. అయినా ఒకటీ అరా తప్పించుకుంటాయి.

మొన్న పెద్ద లాడ్జీ మేనేజరు ఒక గడ్డిపరకని కాగితంలో చుట్టుకుని స్వయంగా వచ్చాడు. దాన్ని నా బల్ల మీద పెట్టి, "దుప్పట్లో వచ్చిందండీ. ఇదేంటి?" అన్నాడు.

ఒకప్పుడైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

"వస్తుందండీ" అన్నాను. "మా పెద్దమ్మాయి ఇంట్లోనే ఉంది."